తలుపుకో హల్లు

ఆదివారం పొద్దున శంకర్రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. నీళ్ళు రాగానే రెండు డ్రమ్ములు నింపాలి. ఒక కప్పు చాయ్ తాగాలి. తర్వాత గ్యాలరీలో స్టూలు వేసుకుని కూర్చుని, నిన్న సాయంత్రం పక్కవాళ్ళ ఒంటిగది ఖోలీలోకి ఎక్కిన కొత్త వాషింగ్ మెషీన్ మొదటిసారి తిరిగేటప్పుడు కాలిన వాసన ఏమైనా వస్తుందేమో గమనించాలి. రావాలని ఆయన దేవుణ్ణి అడగలేదు. రాకుండా చూడమని కూడా అడగలేదు.

పక్క ఖోలీ మొగులయ్యది. శంకర్రావు ముత్తాత రాళ్ళు మోసి ఈ ఊరు కట్టడానికి వచ్చినవాడు. అప్పటినుంచి నాలుగు తరాలుగా కామాఠిపురాలో వరస గదుల ఇదే చాల్, ఇదే రెండో అంతస్తు మాలా, ఇదే పది బై పన్నెండు గది. మొగులయ్య మాత్రం ముప్పై ఏళ్ళ కింద మహబూబ్‌నగర్ నుంచి సెంట్రింగ్ పనికి వచ్చి, ఇదే చాల్ మెట్ల కింద పడుకుని, మెల్లగా మేస్త్రీ అయి, చివరికి మూల ఖోలీ కొనేశాడు. మూల ఖోలీకి రెండు కిటికీలు. శంకర్రావు ఖోలీకి ఒకటే, అదీ గ్యాలరీలోకి. ముప్పై రెండేళ్ళు ఫోర్ట్‌లో లిఫ్ట్‌మ్యాన్‌గా చేసిన మనిషికి గాలాడని డబ్బాలో ఉండటం కష్టమేమీ కాదు. పక్కవాడికి గాలి ఆడటమే కష్టం.

మొగులయ్య ఇంటికి కొత్త వస్తువు వచ్చిందంటే శంకర్రావుకు కళ్ళు కుట్టేవి. మర్యాదస్థుడు కాబట్టి ఏదో మంచిమాట అనబోయేవాడు. ఆ మాట సగంలో గొంతు మూసుకుపోయేది. "బాగు" దాకా వచ్చి ఆగేది, లోపలెక్కడో గడియ పడ్డట్టు చిన్న చప్పుడయ్యేది, ఆ తర్వాత "న్నది తమ్మీ" అని మిగతాది బయటికొచ్చేది. రెండు తలుపుల ఫ్రిజ్ వచ్చిన రోజు ఆ గడియ ఏకంగా నాలుగుసార్లు పడింది. భార్య రత్నాబాయి దానికి "గొంతుల గడియ" అని పేరు కూడా పెట్టింది.

వీళ్ళ ఒక్కగానొక్క కూతురు రుతుజ. కలీనాలో భాషాశాస్త్రం చదివింది. అంధేరీలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో, ఆటలోని మనుషుల కోసం భూమ్మీద లేని భాషలు తయారుచేసే పనిలో కుదిరింది. ఉన్న భాషలే ఇంట్లో ఎవరికీ తిన్నగా రావు, లేనిది మళ్ళీ ఎందుకన్నది శంకర్రావు సందేహం. ఎవరైనా అడిగితే "కంప్యూటర్‌ల పని" అని చెప్పి మాట తప్పించేవాడు.

శనివారం సాయంత్రం రుతుజ తండ్రి పక్కన కూర్చుని ఓపికగా అంతా చెప్పింది. రత్నాబాయి అప్పుడు నాగ్‌పాడా బజారుకు వెళ్ళింది.

"పప్పా, ఇంటున్నవా? రేపు కంపెనీవాళ్ళు వస్తరు. ఉప్పుకొండ లోపల బతికే జనం కోసం నేను చేసిన భాష ఉన్నది కదా, దానికి తొమ్మిది హల్లులు. తొమ్మిదీ మన మాలా మీదనే దొరికినయ్."

"ఊఁ."

"ఒక్కో హల్లుకు ఒక్కో గుర్తు ఉంటది. ఎవరి నోట్లె ఏ హల్లు ఉన్నదో, పొద్దున్నే వాళ్ళ తలుపు మీద ఆ గుర్తు ఖడూతోని రాస్త. రికార్డింగు మనిషికి మన పేర్లు తెల్వయ్. ఖోలీ నంబర్ చెప్దమంటే ఒక్కో తలుపుకు మూడు నంబర్లున్నయ్. అందుకే గుర్తు చూసి తలుపు కొడ్తడు. సమఝైందా?"

"ఊఁ ఊఁ. ముందట తలుపుదా, పైన మూతదా?"

"ఏంది?"

"అరే, మొగులయ్య మెషీన్. మెట్ల మీద ఒంకర తిప్పుతున్నరు చూడు!"

శంకర్రావుకు ఆ సాయంత్రం చెవులు రెండూ మెట్ల మీదే ఉన్నాయి. కూతురు చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా లోపలికి పోలేదు. అది తొలిసారి సొంతంగా చేసిన భాష అనీ, దాన్ని తీసుకోవాలో పుణేలో ఇంకో జట్టు చేసిన భాషను తీసుకోవాలో రేపు ఒంటిగంటకల్లా తేలిపోతుందనీ, ఇది పోతే మళ్ళీ ఒకరి రాతల్లో తప్పులు దిద్దుకుంటూ కూర్చోవాలనీ కూడా ఆ పిల్ల చెప్పింది. ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా దాచుకుంది. తొమ్మిదో హల్లు ఉప్పుకొండ రాజుది. రాజు పేరు దాంతోనే మొదలవుతుంది, రాజు మాట్లాడే ప్రతి మాటా దాంతోనే మొదలవుతుంది. ఆ హల్లును రుతుజ తండ్రి గొంతులో విన్నది. పప్పా సంతోషపడతాడని రేపటి కోసం అట్టేపెట్టింది.

పొద్దున ఆరింటికి సుద్దముక్కతో తొమ్మిది తలుపుల మీద తొమ్మిది గుర్తులు రాసి, రుతుజ గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు పరుగెత్తింది. ఆదివారం కదా, మరమ్మతుల కోసం రైళ్ళు ఆపేసే మెగా బ్లాక్. తొమ్మిదింటికి రావలసినవాళ్ళు ఏ రైలుకు ఎప్పుడు దిగుతారో వాళ్ళకే తెలియదు. ఆ పిల్ల అక్కడే నిలబడిపోయింది.

ఆరున్నరకు శంకర్రావు నోట్లో బ్రష్షుతో గ్యాలరీలోకి వచ్చాడు. తన తలుపు చూశాడు. బ్రష్షు నోట్లోనే ఆగిపోయింది.

ఈ గల్లీల్లో తలుపు మీది రాత నుదుటి రాత కన్నా ముఖ్యమైనది. పాత చాళ్ళు పడగొట్టి కొత్త బిల్డింగులు కడతారని పదిహేనేళ్ళుగా అంటున్నారు. పోయిన నెల ఎదుటి చాల్‌కు సర్వేవాళ్ళు వచ్చి తలుపుల మీద ఏవో గీసిపోయారు. అడ్డగీత పడినవాళ్ళు ఇప్పటికీ తాతల నాటి కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఇక మన వంతేనని అందరూ ఎదురుచూస్తున్న రోజులు.

శంకర్రావు తలుపు మీద ఉన్నది ప్రశ్నార్థకం. కింద చుక్క కూడా లేదు.

"రత్నా! సర్వేవాళ్ళు వచ్చి పోయిండ్రు! మనకు సవాల్ గుర్తు వేసిండ్రు!"

రత్నాబాయి పైపు చేతిలో పట్టుకునే తొంగి చూసింది. "గింత పొద్దున్నే ఏ సర్వేవాడు వస్తడయ్యా? రుతుజ ఎవరో మైకువాళ్ళు వస్తరని అన్నది, గా సంగతేమో చూడు."

"రుతుజకేం తెల్సు సర్వే సంగతి? నాలుగు పీఢీల నుంచి ఉన్న మనకు సవాలట! నువ్వు ఎవరు అని అడుగుతున్నరన్నట్టే కదా!"

అంటూనే ఆయన కళ్ళు తమంతట తామే పక్క తలుపు మీదికి పోయాయి. మొగులయ్య తలుపు మీద తెల్లగా, నిటారుగా, పక్కపక్కనే రెండు గీతలున్నాయి.

శంకర్రావు కాసేపు ఆ గీతల్నే చూశాడు. మొగులయ్య మొన్ననే కొడుకు పెళ్ళి చేశాడు. వేరే రేషన్ కార్డు తీశాడు. రెండు కార్డులు, రెండు గీతలు. "రెండు," అన్నాడు మెల్లగా, "ఖో" దాకా వచ్చి గడియ పడింది, "లీలు."

రత్నాబాయి నీళ్ళు పోతాయని లోపలికి వెళ్ళిపోయింది. గ్యాలరీలో ఎవరూ లేరు. రుతుజ పారేసిన సుద్దముక్క గడప పక్కనే ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందని ఆలోచించేంత తీరిక అసూయకు ఉండదు. శంకర్రావు తువ్వాలు తడిపి తన ప్రశ్నార్థకాన్ని తుడిచేశాడు. నిటారుగా రెండు గీతలు గీశాడు. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. పక్కపక్క తలుపులకు రెండేసి గీతలుంటే సర్వేవాడికి అనుమానం వస్తుందని తోచింది. అందుకని, కేవలం జాగ్రత్త కోసం, మొగులయ్య గీతలు తుడిచి ఆ స్థానంలో ప్రశ్నార్థకం గీశాడు. వంపు దగ్గర కాస్త వంకర పోయింది కానీ, మొత్తానికి బాగానే కుదిరింది.

తన తలుపు దగ్గరకొచ్చి గీతలు మళ్ళీ దిద్ది, వెనక్కి తిరిగేసరికి నీళ్ళ బిందెతో బాలమ్మ నిలబడి ఉంది. నాలుగో ఖోలీ మనిషి. మామూలుగా అయితే పిల్లిని పిలవడానికి తప్ప నోరు పెద్దగా వాడదు.

"ఏం రాస్తున్నవ్ శంకర్రావన్నా?"

"ఏం లేదు వదినే, దుమ్ము తుడుస్తున్న."

"ఖడూతోనా?"

ఆయన ఆమెను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించి, సర్వే సంగతి చెప్పాడు. బాలమ్మ తలుపు మీద గుండ్రంగా ఒక సున్నా, మధ్యలో చుక్క. అది చూపించి "నీకేం వదినే, గది లోపల్నే సండాస్ ఇస్తున్నరు. గా చుక్కే మోరీ" అన్నాడు. బాలమ్మ ముఖం వెలిగింది. నలభై ఏళ్ళుగా ఉమ్మడి మరుగుదొడ్డి వరసలో డబ్బా పట్టుకుని నిలబడిన మనిషి. కానీ వెలుగు ఎంతోసేపు నిలవలేదు.

"మరి నీకు రెండు గీతలేంది?"

"గది... రెండు ఖోలీలు."

"నాకు ఇద్దరు కొడుకులు. నీకు ఒక్క బిడ్డ. నీకు రెండా?" బాలమ్మ బిందె కింద పెట్టింది. "నాకు మూడు గీయ్. లేకపోతే మాలా అంతటిని లేపుత."

శంకర్రావు గీశాడు. దొంగతనం ఒక్కడితో ఆగదు, చూసినవాళ్ళందరికీ వాటా కావాలి.

ఏడింటికి ఆరో ఖోలీ పోచయ్య లేచి, రోజూలాగే మాలా అంతా దద్దరిల్లేలా గొంతు గీరి ఉమ్మి, తన తలుపు మీద అడ్డగీతల గుర్తు చూసి అక్కడే కూలబడ్డాడు. "కాట్ మారిండ్రు! నా ఖోలీ కొట్టేసిండ్రు!" అని ఏడుపు. ఆ ఏడుపుకు మొగులయ్య ఖోలీ తప్ప మాలా మొత్తం లేచింది. ఏ గుర్తూ లేని మూడు ఖోలీలవాళ్ళు అందరికన్నా ఎక్కువ కంగారుపడ్డారు. అడ్డగీత పడినవాడినైనా సర్కారు గుర్తుపెట్టుకుందని, తమను మనుషుల్లోనే లెక్కపెట్టలేదని వాళ్ళ బాధ.

"బాలమ్మకు మూడు ఎట్ల?" అన్నాడు పోచయ్య కళ్ళు తుడుచుకుంటూ. బాలమ్మ శంకర్రావు వైపు చూసింది. శంకర్రావు ఆకాశం వైపు చూశాడు. ఇంక ఎవరికీ ఏమీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. పోచయ్య తన తలుపు తుడిచి నాలుగు గీతలు గీశాడు. ఐదో ఖోలీవాళ్ళు ఐదు గీశారు. ఏ గుర్తూ లేనివాళ్ళు ఇన్నాళ్ళ అన్యాయానికి కలిపి ఏడేసి గీశారు. ఎనిమిదింటికల్లా ఒక్క మొగులయ్యది తప్ప రెండో మాలా తలుపులన్నీ జైలు కటకటాల్లా తయారయ్యాయి.

పోచయ్య రంగులు వేసే పనివాడు. సుద్ద అయితే ఎవరైనా తుడిచేస్తారన్న మాట అతనికే మొదట తట్టింది. తనే తుడిచాడు కదా మరి. మంచం కింద మిగిలిపోయిన ఆకుపచ్చ ఆయిల్ పెయింటు డబ్బా తెచ్చి గీతల మీద గీతలు దిద్దాడు. కిందినుంచి మొదటి మాలావాళ్ళు వచ్చారు. "మీకే ఎందుకు? మేము మనుషులం కాదా?" అని అరిచి, సగం డబ్బా పట్టుకుపోయారు.

శంకర్రావు తన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగాడు. పక్క తలుపు మీద ఒంటరిగా ఉన్న ప్రశ్నార్థకాన్ని చూస్తుంటే చాయ్‌లో చక్కెర ఎక్కువైనట్టు అనిపించింది. అలాంటి ఆదివారం ఆయన జీవితంలో మళ్ళీ రాలేదు.

తొమ్మిదిన్నరకు మొగులయ్య లేచి తలుపు తీశాడు. రోజూలాగే నాలుక పక్కనుంచి ఎద్దుల్ని అదిలించే చప్పుడు చేసి సజ్జ మీది పావురాల్ని తోలాడు. ఆ తర్వాత తన తలుపు చూసుకున్నాడు.

"అన్నా, ఇదేంది? అందరికి గీతలున్నయ్, నాకు గిట్ల కొడవలి లెక్క ఉన్నది?"

"సర్వే తమ్మీ," అన్నాడు శంకర్రావు ఎంతో జాలిగా. "కాగితాలు సరిచూసుకో. నేనున్న కదా, భయపడకు."

మొగులయ్య ముఖం చిన్నబోయింది. నలుగురూ అయ్యో పాపం అన్నారు. అంటూ అంటూ ఉండగా బాలమ్మ ఆ తలుపు దగ్గరకు పోయి, వేలితో సుద్దను తాకి చూసింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"అరే, ఆగుండి. నా గీతలు నేనే గీయించుకున్న. పోచయ్యవి పోచయ్యనే గీసుకున్నడు. మీయి మీరు గీసుకున్నరు. ఇప్పటిదాకా పండుకున్న మొగులయ్య తన గుర్తును ముట్టలే. అంటే అసలు సర్వేవాళ్ళ చెయ్యి ఇదొక్కటే!"

అందరూ ఎవరి తలుపు వైపు వాళ్ళు తిరిగి చూసుకున్నారు.

"అంటే వీనిదే పక్కా," అన్నాడు పోచయ్య. "మనయన్నీ నకిలీ. సర్వేవాడు వచ్చి చూస్తే వీనికొక్కనికే ఖోలీ!"

ఈ ప్రపంచంలో ఆ మాటకు శంకర్రావు కన్నా ఎక్కువ మండినవాడు ఇంకొకడు ఉండడు. ఎందుకంటే అసలు గుర్తు ఎవరిదో ఆయనకొక్కడికే తెలుసు. బంగారం లాంటి గుర్తును తడి తువ్వాలుతో తుడిచి, తన చేత్తోనే పక్కవాడి తలుపుకు అంటించాడు. అది నాదని అరవాలని ఉంది. అరిస్తే, అక్కడికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. "మొగు" అన్నాడు, గడియ పడింది, "లయ్యా, అదృష్టవంతునివి" అని ముగించాడు.

అప్పటికే పోచయ్య కిరసనాయిలు గుడ్డతో తన గీతలు చెరిపేస్తున్నాడు. గంట తిరిగేసరికి రెండు మాలాల్లోనూ ఇరవై నాలుగు తలుపుల మీద, ఆకుపచ్చ రంగులో, చుక్క లేని ప్రశ్నార్థకాలు మొలిచాయి. కొందరివి కుడివైపు తిరిగాయి, కొందరివి ఎడమవైపు తిరిగాయి. శంకర్రావుది అందరికన్నా పెద్దది.

పదకొండున్నరకు రుతుజ వచ్చింది. వెంట కంపెనీ తరఫున తేల్చాల్సిన సపన మేడమ్, మైకు పెట్టె భుజాన వేసుకున్న శైలేష్. మూడు గంటలు రైళ్ళలో నలిగిపోయిన ముఖాలు. శైలేష్ చేతిలో తొమ్మిది గుర్తుల కాగితం ఉంది. మొదటి తలుపు చూశాడు, కాగితం చూశాడు. రెండో తలుపు చూశాడు. మాలా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"నీ భాషలో ఒకటే హల్లు ఉందా?" అని సపన హిందీలో అడిగింది. ఆమె వెటకారం చేయలేదు, నిజంగానే అడిగింది.

రుతుజ ముఖంలో రక్తం లేదు. "ఎవరు తుడిచిండ్రు? నా గుర్తులు ఎవరు తుడిచిండ్రు?"

"నీ గుర్తులా?" అన్నారు ఇరవై మంది ఒక్కసారే.

గుక్క తిప్పుకోకుండా ఆ పిల్ల చెప్పింది. సర్వే లేదు, ఖోలీలు లేవు, సండాస్ లేదు. సున్నాలో చుక్క అంటే బాలమ్మ పెదవులతో పిల్లిని పిలిచే చప్పుడు. అడ్డగీత గుర్తు అంటే పోచయ్య పొద్దున గొంతు గీరే చప్పుడు. రెండు గీతలంటే మొగులయ్య కాకా పావురాల్ని తోలే చప్పుడు. ఒక్కొక్కరి ముఖం ఒక్కొక్క అంగుళం దిగింది. బాలమ్మ అయితే సండాస్ పోయినందుకు గోడకు చేరగిలబడిపోయింది.

"మరి ఈ సవాల్ గుర్తు?" అన్నాడు పోచయ్య, చేతికంటిన ఆకుపచ్చ రంగు చూసుకుంటూ.

"అది మన అక్షరాలల్ల లేదు. గొంతు ఒక్క క్షణం మూసి తెరిస్తే వచ్చే చప్పుడు. అది రాజుది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దిగిన ముఖాలన్నీ మళ్ళీ లేచాయి. రాజు! ప్రతివాడూ తన తలుపు చూసుకున్నాడు. ప్రతి తలుపు మీదా రాజు గుర్తే ఉంది.

"నేను పిల్లి చప్పుడు చెయ్య," అంది బాలమ్మ. "ఇస్తే రాజుదే ఇస్త."

"నేను ఉమ్మేటోన్ని, వీడు రాజా?" అన్నాడు పోచయ్య మొదటి మాలా మనిషిని చూపించి. ఇరవై నలుగురూ గొంతులు పట్టుకుని, ఎక్కిళ్ళు పెడుతూ, దగ్గుతూ, మైకు మీదికి తోసుకొచ్చారు. శైలేష్ పెట్టెను గుండెకు హత్తుకుని మెట్ల మీదికి తప్పుకున్నాడు. సపన గడియారం చూసుకుంది. పన్నెండూ పది.

రుతుజ స్టూలెక్కి అరిచింది. "రాజు చప్పుడు మా పప్పాది! మూడు వారాల నుంచి ఫోన్‌ల రికార్డ్ చేసుకున్న, ఎవరిదీ అట్ల రాలె! మా పప్పాకు ఇద్దామని దాచుకున్న. ఇప్పుడు మీరు మీ చప్పుళ్ళు ఇయ్యకుంటే నా పని పోతది!"

అరుస్తూనే ఏడ్చేసింది. చిన్నప్పటినుంచి ఎత్తుకుని తిప్పిన పిల్ల ఏడిస్తే ఆ చాల్‌లో ఎవరూ తట్టుకోలేరు. బాలమ్మ మొదట వచ్చి మైకు ముందు పెదవులు చప్పరించింది. ఆమె పిల్లి ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చింది కూడా. పోచయ్య గీరాడు. మొగులయ్య సజ్జ వైపు తిరిగి నాలుకతో అదిలించాడు. ఎనిమిది హల్లులూ ఇరవై నిమిషాల్లో పెట్టెలో పడ్డాయి.

తొమ్మిదోది మిగిలింది.

శంకర్రావు మైకు ముందు కూర్చున్నాడు. తల దువ్వుకుని వచ్చాడు. నేను రాజును. నా గొంతు రాజుది. మూల ఖోలీవాడు పావురాలు తోలుకుంటాడు, నేను కొండను ఏలుతాను. ఆయన మనసు నిండిపోయింది. నోరు తెరిచాడు.

గడియ పడలేదు.

గొంతు హాయిగా, వెడల్పుగా తెరుచుకుని ఉంది. మాట నున్నగా జారి బయటికొచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. దగ్గు వచ్చింది. మళ్ళీ. త్రేన్పు వచ్చింది. నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టాడు. మూలుగు వచ్చింది.

"సంతోషంగ ఉంటె రాదు," అంది రత్నాబాయి గడపలోంచి. "పదేండ్ల నుంచి చూస్తున్న నేను."

పన్నెండూ యాభై. సపన మెల్లగా కాగితాలు సర్దుకుంది. రాజు గొంతే లేకపోతే భాషను ఎలా తీసుకెళ్ళను, పుణేవాళ్ళది సిద్ధంగా ఉంది, ఏమీ అనుకోకు అంది. రుతుజ తల ఊపింది. ఏడవలేదు. సుద్ద అంటిన వేళ్ళను కుర్తాకు తుడుచుకుంది, అంతే. శంకర్రావు ఆ వేళ్ళనే చూశాడు. నిన్న సాయంత్రం ఆ పిల్ల తన పక్కన కూర్చుని ఏదో చెబుతుంటే మెషీన్ మూత గురించి అడిగిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

లేచి నిలబడ్డాడు. "బిడ్డా, తప్పంతా నాది. పొద్దున నీ గుర్తు తుడిచింది నేను. మొగులయ్య గీతలు నా తలుపుకు రాసుకున్న, నా గుర్తు వాని తలుపుకు రాసిన. కుళ్ళుబోతు ముండాకొడుకును."

మొగులయ్య నోరు తెరిచాడు. "గదేంది అన్నా? నా రెండు గీతలల్ల ఏమున్నదని?"

"రెండు ఖోలీలనుకున్న తమ్మీ."

బాలమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. శంకర్రావు అదేమీ పట్టించుకోలేదు. ఆ క్షణంలో ఆయన మనసు నిజంగానే శుభ్రంగా ఉంది. కూతురి పని నిలబడితే చాలు, ఇంకేం అక్కర్లేదు. సపన వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మేడమ్, నా కోసం పిల్ల పని చెడగొట్టకుండి. రాజు నేను కాకున్నా మంచిదే. రాజును మొ..."

గడియ పడింది. గ్యాలరీ అంతా వినపడేంత గట్టిగా పడింది.

"...గులయ్యను చెయ్యుండి."

శైలేష్ చెయ్యి పైకి లేచి ఉంది. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. చెవులకు పెట్టుకున్నవి తీసి, సపన చెవులకు పెట్టాడు. ఆమె విని, కాగితాలు కింద పెట్టి, "ఇంకోసారి" అంది.

శంకర్రావు ఇంకోసారి సింహాసనం ఇచ్చేశాడు. ఇంకా బాగా వచ్చింది. మూడోసారి మొగులయ్య మొహమాటంగా "సరే అన్నా, నువ్వు గింత చెప్తే నేనే ఉంట రాజు" అన్నాడు. ఆ దెబ్బకు పడిన గడియను మించింది తను ఇంతవరకు వినలేదని శైలేష్ తర్వాత ఎవరితోనో అన్నాడట. గడియారం ఒంటిగంట కొట్టేసరికి ఉప్పుకొండకు భాష వచ్చింది. రుతుజ తండ్రి భుజం మీద తల పెట్టి నవ్విందో ఏడ్చిందో రత్నాబాయికి కూడా తెలియలేదు.

పుణే భాష సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రెండు వారాలకు కంపెనీ నుంచి రుతుజకు కబురొచ్చింది. ఆటలో రాజుకు మూడు వందల నలభై మాటలున్నాయి, అన్నీ ఆ గడియతోనే మొదలవుతాయి, అంధేరీలో నాలుగు రోజుల రికార్డింగు. రుతుజ ఒకే ఒక్క షరతు పెట్టింది. మా పప్పా ఒక్కడే వస్తే పని జరగదు, ఎదురుగా మొగులయ్య కాకా కూర్చోవాలి. ఆయన ఏమీ మాట్లాడనక్కర్లేదు. అప్పుడప్పుడు కొత్తగా ఏం కొన్నాడో చెబితే చాలు. కంపెనీ ఒప్పుకుంది.

తలుపుల మీద ఆకుపచ్చ ప్రశ్నార్థకాలు అలాగే ఉన్నాయి. ఆయిల్ పెయింటు కదా. అసలు సర్వేవాళ్ళు ఇంకా రాలేదు, వచ్చి అవి చూస్తే ఏం రాసుకుంటారోనని చాల్ మొత్తానికి గుబులుగా ఉంది.

బయల్దేరే రోజు పొద్దున ఫాక్‌లాండ్ రోడ్ మలుపులో టాక్సీ ఆగింది. రుతుజ ముందు కూర్చుంది. రాజుగారు ఇస్త్రీ చొక్కాలో వెనక ఒకవైపు ఎక్కారు, మొగులయ్య ఇంకోవైపు ఎక్కాడు. ఉక్కగా ఉంది. టాక్సీకి వెనక కిటికీలు రెండు. వాటిలో అద్దం కిందికి దిగేది ఒకటే, అది మొగులయ్య వైపు ఉంది.